మీ పాటలు మీ దగ్గరే ఉండాలంటే ఏం చేయాలి?

2020 డిసెంబరులో గూగుల్ ప్లే మ్యూజిక్ మూతపడింది. 2024 జనవరి చివర రెస్సో అనే పాటల యాప్ మన దేశంలో దుకాణం కట్టేసింది. అదే ఏడాది ఎయిర్‌టెల్ తన వింక్ మ్యూజిక్‌ను ఎత్తేసింది. ఈ మధ్యలో, 2023లో, జీ మ్యూజిక్‌కూ స్పాటిఫైకీ ఒప్పందం కుదరక ఆ కంపెనీ పాటలు స్పాటిఫైలోంచి మాయమయ్యాయి. నెలనెలా డబ్బు కట్టేవాళ్లు కూడా చూస్తూ ఊరుకోవాల్సి వచ్చింది. చందా కట్టి ఫోన్లో 'డౌన్‌లోడ్' చేసుకున్న పాట నిజానికి మన ఫైలు కాదు. అది ఆ యాప్‌లో తప్ప మోగదు. చందా ఆగితే ఆగిపోతుంది. నెలకోసారైనా ఇంటర్నెట్ తగలకపోతే కూడా తలుపు తీయదు.

అందుకని చందా మానేయమని చెప్పడం లేదు. కొత్త పాటలు వినడానికి, పేరు గుర్తురాని పాట వెతకడానికి, పెళ్లింట్లో ఎవరేం అడిగినా వెంటనే వేయడానికి చందాను మించింది లేదు. నేను చెప్పేది ఒక్కటే. లేకపోతే మనసు విలవిల్లాడే పాటలు కొన్ని ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. వాటిని మాత్రం ఫైళ్లుగా మీ చేతిలో పెట్టుకోండి. అందులోనూ మన కడప వైపు ఇళ్లలో ఉన్న చాలా పాటలు ఏ యాప్‌లోనూ లేవు, రేపు వస్తాయన్న ఆశ కూడా లేదు. అసలు తొందర అక్కడే ఉంది.

ముందు జాబితా రాయండి

కంప్యూటర్ తెరవకముందే ఒక నోటుబుక్కు తీసుకోండి. ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టుకుని మూడు వరుసల్లో రాయండి. మొదటి వరుసలో ఎక్కడైనా దొరికే సినిమా పాటలు. రెండో వరుసలో ఫలానా గాయకుడు ఫలానా రికార్డులో పాడినది మాత్రమే కావాలనిపించేవి. అన్నమయ్య కీర్తనలకు ఇది బాగా వర్తిస్తుంది. తాళ్లపాక వాళ్ల రాగిరేకుల మీద పాటల సాహిత్యం, రాగాల పేర్లు ఉన్నాయి గానీ స్వరాలు లేవు. అనంతపురం జిల్లా రాళ్లపల్లికి చెందిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి వంటి విద్వాంసులు తర్వాత కొత్తగా వరసలు కట్టారు. అందువల్ల ఒకే కీర్తన రెండు మూడు వరసల్లో వినిపిస్తుంది. యాప్‌లో వెతికితే పేరు ఒకటే ఉన్నవి పేజీలకు పేజీలు వస్తాయి, మీ అమ్మ పొద్దున్నే వినే వరస మాత్రం దొరకదు.

మూడో వరుస అన్నిటికన్నా ముఖ్యం. ఊళ్లో ఆడిన పద్యనాటకం ఎవరో మైకు దగ్గర టేపు రికార్డరు పెట్టి ఎక్కించినది, చెక్కభజన, పీర్ల పండుగ పాటలు, తాత పాడిన తత్వాలు, హరికథ, కడప ఆకాశవాణిలో వస్తుంటే పట్టుకున్న పాటలు. సురభి నాటకం పుట్టిన ఊరు మన జిల్లాలోనే, చక్రాయపేట మండలంలో ఉంది. ఇటువంటి నేల మీద బీరువాల పైన, అటకల మీద ఎన్ని క్యాసెట్లు దుమ్ము పట్టి ఉంటాయో ఊహించండి. వాటికి రెండో ప్రతి ఉండదు. పని ఈ మూడో వరుస నుంచే మొదలుపెట్టండి. సినిమా పాటలు పదేళ్ల తర్వాతైనా దొరుకుతాయి.

క్యాసెట్టును ఫైలుగా మార్చడం

కావలసినవి: పనిచేసే టేపు రికార్డరు లేదా డెక్కు, రెండు కొసలా 3.5 మిల్లీమీటర్ల పిన్ను ఉన్న స్టీరియో వైరు, కంప్యూటరు, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. డెస్క్‌టాప్ వెనక నీలిరంగు 'లైన్ ఇన్' రంధ్రం ఉంటే వైరు అందులో పెట్టండి. ల్యాప్‌టాప్‌లకు సాధారణంగా ఆ సౌకర్యం ఉండదు. హెడ్‌ఫోన్ రంధ్రంలోనే మైకు కలిసి ఉంటుంది, అది స్టీరియో పట్టదు. అలాంటప్పుడు స్టీరియో లైన్ ఇన్ ఉన్న చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనాలి. కొనేటప్పుడు 'లైన్ ఇన్' అని రాసి ఉందో లేదో చూడండి. మైకు రంధ్రం మాత్రమే ఉన్నది ఈ పనికి రాదు.

టేపు రికార్డరు ఏళ్ల తరబడి మూలన పడి ఉంటే లోపలి బెల్టు సాగిపోయి గానీ, జిగటగా కరిగిపోయి గానీ ఉంటుంది. పాట నెమ్మదిగా, గొంతు బొంగురుగా వస్తే కారణం చాలాసార్లు అదే. రేడియోలు, టీవీలు బాగుచేసే పాతకాలం మెకానిక్కును పట్టుకోండి, బెల్టు మార్చిస్తారు.

క్యాసెట్టు పెట్టేముందు ఈ నాలుగు పనులూ తప్పక చేయండి. ఒకటి, టేపు కనిపించే అంచుకు ఎదురుగా ఉన్న అంచున రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలు ఉంటాయి, వాటిని విరిచేయండి. అవి లేకపోతే పొరపాటున రికార్డు బటన్ నొక్కినా తాత గొంతు చెరిగిపోదు. రెండు, టేపు కనిపించే చోట మధ్యలో ఒక ఇత్తడి రేకు, దాని మీద చిన్న ఫెల్టు ముక్క ఉంటాయి. పాత క్యాసెట్లలో ఆ ముక్క ఊడిపోతుంది. అది లేకపోతే టేపు హెడ్డుకు ఆనదు, పాట వచ్చీ రానట్టు ఉంటుంది. ఎందుకూ పనికిరాని వేరే క్యాసెట్టు నుంచి తీసి అతికించవచ్చు. స్క్రూలున్న క్యాసెట్టయితే విప్పి, టేపు చుట్టలను అలాగే తీసి కొత్త పెట్టెలో కూర్చోబెట్టడం ఇంకా మేలు. మూడు, హెడ్డునూ రబ్బరు చక్రాన్నీ తుడవండి. మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూదిపుల్ల ముంచి, గోధుమరంగు మరక రావడం ఆగేదాకా తుడిచి, బాగా ఆరనివ్వండి. నాలుగు, క్యాసెట్టును ఒకసారి చివరిదాకా ముందుకు తిప్పి, మళ్లీ వెనక్కు తిప్పండి. ఏళ్లుగా అతుక్కుపోయిన చుట్లు వదులవుతాయి. మోటారు లాగలేకపోతుంటే బలవంతం చేయకండి. పెన్సిలు పెట్టి చేత్తో తిప్పండి.

ఆడాసిటీలో రేటు 44100 పెట్టి రికార్డు నొక్కండి. బాగా బిగ్గరగా వచ్చే చోట మీటరు పట్టీ మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఆగేలా శబ్దం తగ్గించుకోండి. సున్నా దాటితే ఆ చోట గొంతు పగిలిపోతుంది, తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని పూర్తిగా బాగుచేయలేదు. ఈ పనికి అడ్డదారి లేదు. సీ-90 క్యాసెట్టుకు గంటన్నర పడుతుంది. ఫోన్ పక్కన పెట్టి, హెడ్‌ఫోన్లో వింటూ కూర్చోండి. ఒక ఆదివారానికి రెండు మూడు క్యాసెట్లు చాలు.

పాట మొత్తం గుసగుసగా, దుప్పటి కప్పినట్టు మొద్దుగా వినిపిస్తుంటే టేపు చెడిపోయిందని వదిలేయకండి. ఎక్కించిన టేపు రికార్డరు హెడ్డు ఒక కోణంలో, మీది ఇంకో కోణంలో ఉండి ఉండొచ్చు. హెడ్డు పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. పాట మోగుతుండగా సన్న స్క్రూడ్రైవరుతో దాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ వింటే, ఒక చోట తాళాల మోత, 'స'కార 'శ'కారాలు తేటగా బయటపడతాయి. అక్కడ ఆపేసి రికార్డు చేయండి. మన నాటకాల క్యాసెట్లకు ఈ ఒక్క పని చేసినంత మేలు మరేదీ చేయదు.

రికార్డయ్యాక మొదట ఏ మార్పూ చేయకుండా, నాణ్యత తగ్గించని రూపాలైన వేవ్ ఫైలుగానో ఫ్లాక్‌గానో దాచండి. అది మూలం. దాని జోలికి మళ్లీ వెళ్లొద్దు. శుభ్రం చేసేది ఎప్పుడూ దాని నకలు మీదే. 'సుయ్'మనే హోరు తీయడానికి, పాట మొదలుకాకముందు ఖాళీగా ఉన్న చోటును నమూనాగా ఇచ్చి నాయిస్ రిడక్షన్ వాడండి. 6 నుంచి 9 డెసిబెల్స్ చాలు. ఎక్కువ పెడితే ఏమవుతుందంటే, పద్యం చివర నటుడు తీసే రాగం సన్నగిల్లుతూ పోయే చోట, హార్మోనియం వెంట వచ్చే చోట, సాఫ్ట్‌వేర్ దాన్ని కూడా హోరే అనుకుని మింగేస్తుంది. పద్యానికి ప్రాణమే అక్కడ ఉంటుంది. కాస్త హోరు ఉన్నా ఫరవాలేదు, రాగం పోకూడదు. జనం 'వన్స్‌మోర్' అని కేకలు వేయడం, ఈలలు, మళ్లీ అదే పద్యం ఎత్తుకోవడం, వీటిని దయచేసి కత్తిరించకండి. ఆ రాత్రి ఆ ఊళ్లో ఏం జరిగిందో చెప్పేవి అవే.

సీడీలు

సీడీల పని తేలిక. యూఎస్‌బీకి తగిలించే డీవీడీ డ్రైవ్ ఒకటి ఉంటే చాలు. విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ గీతలు పడ్డ సీడీని కూడా మళ్లీ మళ్లీ చదివి, వీలైనంత తప్పు లేకుండా దించుతుంది. ఇంట్లో కంప్యూటరులో 'బర్న్' చేసుకున్న సీడీలు ఉంటే వాటిని ముందు దించండి. కంపెనీ సీడీల కన్నా ఇవి తొందరగా చదవకుండా పోతాయి, వాటిలోని రంగుపూత కాలం గడిచేకొద్దీ చెడుతుంది.

ఒకప్పుడు బజారులో నూరు, నూటయాభై పాటలతో అమ్మిన ఎంపీత్రీ సీడీలు వేరే సంగతి. అవి చాలావరకు దొంగ ముద్రణలే, పైగా పాట బాగా నలిగి ఉంటుంది. వాటిని ఫ్లాక్‌గా మార్చినా పోయిన నాణ్యత తిరిగి రాదు, ఫైలు బరువు మాత్రం పెరుగుతుంది. అందులోని పాటల పేర్లు జాబితాకు ఎక్కించుకుని, సరైన చోట సంపాదించుకోండి.

కొనుక్కోవడం

పాటను ఫైలుగా అమ్మేచోట్లు ఇప్పుడు తగ్గిపోయాయి, అయినా ఉన్నాయి. ఆపిల్ వాళ్ల ఐట్యూన్స్ స్టోర్ 2012 డిసెంబరులో మన దేశానికి వచ్చింది. పాట వేరే పరికరంలో మోగకుండా వేసే తాళాన్ని ఐట్యూన్స్ 2009లోనే తీసేసింది కాబట్టి ఆ ఫైలు ఏ ఫోన్లోనైనా మోగుతుంది. ఆపిల్ మ్యూజిక్ అనే నెల చందా, ఈ కొనుగోలు వేర్వేరు. డబ్బు కట్టేముందు ఏది చేస్తున్నారో చూసుకోండి. సొంతంగా పాటలు చేసే కళాకారులు కొందరు బ్యాండ్‌క్యాంప్‌లో ఫ్లాక్ ఫైళ్లే అమ్ముతారు. పాత సీడీలు సెకండ్ హ్యాండ్‌లో కొనడం కూడా మంచి దారే.

యూట్యూబ్ నుంచి పాటను పీకే వెబ్‌సైట్ల జోలికి పోవద్దు. యూట్యూబ్ నిబంధనలు అందుకు ఒప్పుకోవు, ఆ సైట్లలో వైరస్‌ల బెడద ఉంది, వచ్చే శబ్దం కూడా అంతంతమాత్రం. చట్టం సంగతికొస్తే, 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ సొంత వాడకానికి న్యాయమైన మేరకు వాడుకోనిస్తుంది. మీరు కొన్న సీడీని మీ ఫోన్లో ఎక్కించుకుని వినడం వేరు, దాన్ని వాట్సాప్ గ్రూపుల్లో పంచడం వేరు. రెండోది చేయకండి.

ఎంత చోటు కావాలి, ఏ రూపంలో పెట్టాలి

320 కేబీపీఎస్ ఎంపీత్రీకి నిమిషానికి సుమారు 2.4 ఎంబీ పడుతుంది. ఐదు నిమిషాల పాట 12 ఎంబీ, వెయ్యి పాటలు 12 జీబీ. ఫ్లాక్‌లో నాణ్యత ఏమాత్రం తగ్గదు. ఒక్కో పాటకు 30 ఎంబీ అనుకున్నా వెయ్యి పాటలు 30 జీబీలో సరిపోతాయి. ఈ రోజుల్లో ఇది పెద్ద లెక్క కాదు. అందుకే మూలం ఫ్లాక్‌లో పెట్టండి, ఫోన్‌కూ కారుకూ దాన్నుంచి ఎంపీత్రీ తీసుకోండి. ఎంపీత్రీ నుంచి ఫ్లాక్‌కు వెనక్కి రావడం కుదరదు.

పేర్లు పెట్టడం

చాలామంది వదిలేసేది ఇదే. 'ట్రాక్ 01', 'ఆడియో 0034' అని ఉన్న ఐదువందల ఫైళ్లు ఉన్నా లేనట్టే.

సీపీ బ్రౌన్ కడపలో బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని, ఒకే గ్రంథానికి ఉన్న అనేక తాళపత్ర ప్రతులను తెప్పించి, పోల్చి, తప్పులు దిద్ది శుద్ధప్రతులు రాయించాడు. ఆ చోటే ఇప్పుడు బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం. ఆయన సేకరణకు విలువ తాళపత్రాలు పోగేయడం వల్ల మాత్రమే రాలేదు. ఏ ప్రతి ఏదో, ఎక్కడ ఏ తేడా ఉందో తేల్చి రాయించడం వల్ల వచ్చింది. మీ పాటలకూ అంత శ్రద్ధ పెట్టండి.

ఎంపీత్రీట్యాగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో ఫైలు తెరిచి పాట పేరు, గాయకులు, సంగీత దర్శకుడు, రచయిత, సినిమా, సంవత్సరం నింపండి. మనవాళ్లు పాటను వెతికేది సినిమా పేరుతోనే కాబట్టి 'ఆల్బమ్' గడిలో సినిమా పేరు పెట్టండి. గాయకుల పేరు ఒక్కోచోట ఒక్కోలా రాయకండి. 'ఘంటసాల' అని ఒకచోట, 'ఘంటసాల వెంకటేశ్వరరావు' అని ఇంకోచోట రాస్తే ప్లేయరు ఇద్దరు మనుషులనుకుని రెండు వరుసలు చూపిస్తుంది. కీర్తనలకు రాగం, వరస కట్టినవారి పేరు తప్పక రాయండి. నాటకాలకైతే పాత్ర పేరు, నటుడి పేరు, ఏ ఊళ్లో, ఏ పండుగకు, ఏ ఏడాది ఆడారో వ్యాఖ్య గడిలో రాయండి. ఏడాది తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్లకు ఆ టేపు వినిపించండి. 'పెద్దమ్మాయి పెళ్లయిన మరుసటి ఏడు శ్రీరామనవమికి' అన్నట్టు చెప్తారు, అది చాలు, అలాగే రాసుకోండి. వాళ్లు ఉండగానే అడగాల్సిన పని ఇది.

ట్యాగుల్లో తెలుగు లిపి నిరభ్యంతరంగా వాడండి, ఫోన్లు బాగానే చూపిస్తాయి. ఫైలు పేరు మాత్రం ఇంగ్లిషు అక్షరాల్లో, ముందు 01, 02 అని అంకెలతో పెట్టండి. పాత కారు డెక్కులు తెలుగును చదవలేక డబ్బాలు, ప్రశ్న గుర్తులు చూపిస్తాయి. అంకెలుంటే వరుస తప్పకుండా మోగుతాయి.

ఒక్క ప్రతి ఉంటే లేనట్టే

2009 అక్టోబరులో తుంగభద్ర వరదకు కర్నూలు మునిగింది. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు రాజంపేట వైపు ఊళ్ల మీద పడింది. అలాంటి రోజున ఇంట్లో ఉన్న హార్డ్ డిస్కూ పోతుంది, దాని పక్కనే పెట్టిన రెండో డిస్కూ పోతుంది. అందుకని మూడు ప్రతులు పెట్టండి. ఒకటి కంప్యూటరులో, ఒకటి బయటి హార్డ్ డిస్కులో, మూడోది వేరే ఊళ్లో. అన్న ప్రొద్దుటూరులోనో చెల్లెలు బెంగళూరులోనో ఉంటే ఒక డిస్కు వాళ్ల ఇంట్లో పెట్టి, పండక్కి వెళ్లినప్పుడల్లా కొత్తవి చేర్చండి. ఇంటర్నెట్ బాగుంటే క్లౌడ్‌లో పెట్టినా సరే, కానీ అది మూడో ప్రతిగానే ఉండాలి. దానికీ నెల చందాయే కదా.

కారులో, ట్రాక్టరులో ఉండే పెన్‌డ్రైవ్‌ను ప్రతిగా లెక్కపెట్టకండి. మన మే నెల ఎండలో మూసిన కారు లోపలి వేడికి అది ఎప్పుడు చచ్చిపోతుందో చెప్పలేం. ఏడాదికోసారి, ఉగాదికి పెట్టుకోండి, ప్రతి డిస్కూ తగిలించి అక్కడక్కడా పది పాటలు మోగించి చూడండి. డిస్కు ఐదారేళ్లు దాటితే కొత్తదానిలోకి మార్చండి.

వినడం

ఆండ్రాయిడ్ ఫోన్లో మ్యూజికోలెట్ గానీ వీఎల్‌సీ గానీ వేసుకోండి, ఇంటర్నెట్ అక్కర్లేదు. రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు సిగ్నల్ పోయినా పాట ఆగదు. ఫోన్లో మెమరీ కార్డు పెట్టే చోటు లేకపోతే టైప్-సీ పెన్‌డ్రైవ్ కొనుక్కోండి. కారుకూ ట్రాక్టరు డెక్కుకూ 32 జీబీ పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32గా ఫార్మాట్ చేసి ఎంపీత్రీలే వేయండి. చాలా డెక్కులకు ఫ్లాక్ తెలియదు, ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్‌నూ చదవలేవు.

ఇక చందా సంగతి

నెలకు నూటయాభై అనుకుంటే ఏడాదికి 1,800, పదేళ్లకు 18,000 రూపాయలు. ఆ డబ్బు దండగ అనను, కొత్త పాటలు వినే ఇంటికి అది న్యాయమైన ఖర్చే. కానీ ఆరు నెలలుగా మీరు విన్నవి చూసుకోండి. యాప్‌లోనే చరిత్ర ఉంటుంది. అవే రెండువందల పాటలు తిరిగి తిరిగి వింటున్నారని తేలితే, ఆ పాటలు సంపాదించుకుని, చందాను ఒక ఏడాది ఆపి చూడండి. చదువుకునే పిల్లలు రోజూ కొత్తవి వెతుకుతుంటే ఉంచుకోండి. యాప్‌లో మీరు చేసుకున్న ప్లేలిస్టుల పేర్లు మాత్రం ఇప్పుడే స్క్రీన్‌షాట్లు తీసి, జాబితాలోకి ఎక్కించండి. యాప్ మూతపడే రోజున వాటి కోసం వెతుక్కునే తీరిక ఉండదు.

చివరిగా, నాటకం క్యాసెట్టు బాగా వచ్చిందని నలుగురికీ పంపే ముందు అందులో పాడినవాళ్లనో వాళ్ల పిల్లలనో ఒక మాట అడగండి. చాలామంది సంతోషంగా సరే అంటారు, వాళ్ల దగ్గర లేని టేపులు మీకు, మీ దగ్గర ఉన్నవి వాళ్లకు అందుతాయి. ఏ డిస్కు ఎక్కడుందో, పాస్‌వర్డ్ ఏమిటో, ఏ ఫోల్డరులో ఏముందో ఒక కాగితం మీద తెలుగులో రాసి బీరువాలో ఇంటి పత్రాలతో పాటు పెట్టండి. ఇంట్లో కనీసం ఇంకొకరికి ఆ డిస్కు తగిలించి పాట వేయడం నేర్పండి.